పండబెట్టిన గిటార్

ధర్మవరంలో ఓబమ్మ ఇంట సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక పని జరిగి తీరాలి. వాన వచ్చినా, చుట్టాలు వచ్చినా, కరెంటు పోయినా ఆ పని మాత్రం ఆగదు. మగ్గం మీంచి లేచే ముందు, పట్టు పడుగును వెనకనుంచి లాగిపట్టే తాడును ఆమె కొంచెం వదులు చేస్తుంది. ఆ ఇంట్లో దాన్ని మగ్గాన్ని పండబెట్టడం అంటారు. పగలంతా బిగిసి నిలబడిన పోగులకు రాత్రయినా తెరిపి ఇవ్వకపోతే తెల్లారేసరికి పుటుక్కుమంటాయని ఆమె అత్త నేర్పింది. ముప్పై నాలుగేళ్లుగా ఓబమ్మ ఆ మాట తప్పలేదు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఆమె నేసిన చీర ఒక్కటైనా తప్పుందని అంగడినుంచి వెనక్కి రాలేదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, వీధి వీధంతటికీ తెలుసు, తెలియనివాళ్లు ఎవరైనా ఎదురైతే ఆమే చెబుతుంది.

మగ్గంతో మొదలైన ఈ అలవాటు మగ్గంతో ఆగలేదు. బిగువుగా ఉన్న వస్తువు కంటబడితే ఓబమ్మ చేతులు ఊరుకోవు. బట్టలు తీశాక దండెం తాడు ఒక ముడి వదులు చేస్తుంది. బిందె మూత గట్టిగా ఉంటే సడలించి పెడుతుంది. పండుకునే ముందు మొగుడు వెంకటరాముడి మొలతాడు గురించి కూడా ఒక మాట అడుగుతుంది. ఆయన రెండో మగ్గం మీద నేస్తాడు, మాట తక్కువ మనిషి. అడిగిన ప్రతిసారీ "ఊఁ" అని అటు తిరిగి పండుకుంటాడు.

అలాంటి ఇంటికి ఐదు నెలల కిందట కోడలు వచ్చింది. పేరు అశ్విని, తాడిపత్రి పిల్ల. వాళ్ల నాయన అంజినప్ప బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సాయంత్రాలు భజనలో డోలక్ వాయించేవాడు. ఆ పిల్లకు సంగీతం అక్కణ్ణుంచే అంటుకుంది. మెట్టినింటికి వస్తూ బీరువా తేలేదు గానీ, శవపేటికలా పొడుగాటి నల్ల పెట్టె ఒకటి తెచ్చింది. పెట్టెలోంచి ఎర్రటి ఎలక్ట్రిక్ గిటార్ బయటికి తీసేసరికి పెళ్లికి వచ్చిన చుట్టాలంతా గుమిగూడారు. వాళ్లందరి ముందూ ఓబమ్మ నోరు జారింది.

"రెండు మగ్గాల సద్దు చాలదని ఇదొకటా!" అనేసింది.

ఏదో నవ్వులాటకే అంది. చుట్టాలు నవ్వారు. కోడలు మాత్రం నవ్వకుండా పెట్టె మూత వేసింది. ఆ మూత పడిన చప్పుడు ఓబమ్మ మనసులో ఒక మూల అలాగే ఉండిపోయింది.

కొడుకు శశికి తాడిపత్రి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వారానికోసారి వస్తాడు. అశ్విని ధర్మవరంలోనే ఉండి కేశవ ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. పెళ్లిళ్లకు, జాతరలకు, కాలేజీ ఫంక్షన్లకు కేశవ పార్టీ లేనిదే ఆ చుట్టుపక్కల ముచ్చట తీరదు. అందులో గిటార్ వాయించే ఆడపిల్ల అశ్విని ఒక్కతే. రోజూ మధ్యాహ్నం వంట ముగిశాక ఆమె మగ్గాల గది పక్క వసారాలో కూర్చుని సాధన చేసేది. మొదట్లో ఓబమ్మ చెవిన పడనట్టే ఉండేది. వారం తిరిగేసరికి పడుగు పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసిరే ఆమె చెయ్యి ఆ వాయింపును పట్టుకుంది. కోడలు జోరుగా వాయించిన రోజు చీర జానెడు ఎక్కువ సాగేది. ఆ సంగతి మాత్రం ఓబమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కోడలు గిటార్ కొసన ఉన్న ఆరు చెవుల్లాంటి వాటిని ఒక్కొక్కటే మెలిపెడుతూ, ఫోన్ వంక చూస్తూ, తీగలు మీటుతుంటే ఓబమ్మ అడిగింది.

"ఏం చేస్తాండావే?"

"శృతి చేస్తాండా అత్తా. ఏ తీగ ఎంత బిగువుండల్లో అంతే ఉండల్ల. రొంత తగ్గినా తప్పే, హెచ్చినా తప్పే."

ఓబమ్మకు ఆ మాట భలే నచ్చింది. పడుగూ అంతే కదా! ఈ పిల్ల తమ ఇంటికి తగినదేనని ఆమె ఆ క్షణమే తీర్మానించుకుంది. అయితే ఒక్కటే లోటు కనబడింది. ఆరు తీగలనూ అంత బిగించి వాయించిన పిల్ల, పని కాగానే గిటార్‌ను అలాగే గోడకు ఆనించి వంటింట్లోకి పోయింది. పండబెట్టలేదు! పాపం, బండల ఊరి పిల్ల, బిగువు తెలుసు గానీ తెరిపి తెలియదనుకుంది ఓబమ్మ. పిలిచి చెబితే చిన్నబుచ్చుకుంటుంది. ఇప్పటికే ఒకసారి చిన్నబుచ్చింది, అది చాలు. ఆ ఇంట్లో ఒకరు మరిచిన పనిని ఇంకొకరు చడీచప్పుడూ లేకుండా చేసేయడం మామూలే. ఆ సాయంత్రం అశ్విని మేడ మీదికి బట్టలు తేవడానికి పోగానే, ఓబమ్మ మగ్గాన్ని పండబెట్టి, ఆ వెంటనే గిటార్ దగ్గరికి వచ్చింది. ఒక్కో చెవినీ అర చుట్టు వెనక్కి తిప్పింది. అన్నిటికన్నా సన్నతీగ మీద జాలేసి, దాన్ని మాత్రం పావు చుట్టుతో వదిలింది.

"పండుకో తల్లీ," అని చెప్పి మరీ వచ్చింది.

అప్పటినుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు.

ఇక అశ్విని పాట్లు మొదలయ్యాయి. పొద్దున చూస్తే తీగలన్నీ దిగిపోయి ఉండేవి. మళ్లీ బిగించేది. కచేరీకి పోయి స్టేజీ మీద సరిచూసుకుని మొదలుపెడితే, మూడో పాటకల్లా శృతి జారిపోయేది. తీగలు మార్చింది. మార్చినా అంతే. పదిరోజుల కిందట ఒంటరిగా అనంతపురం పోయి పాతూరులో మైకులు, వాయిద్యాలు బాగుచేసే ఓబిలేష్‌కు చూపించింది. తీగలు మెడ కొసన ఒక తెల్లటి బద్ద గాట్లలోంచి పోతాయి. ఆ గాట్లలో తీగ పట్టుకుంటోందని అతను పెన్సిలు ములుకు అరగదీసి, ఆ పొడి అద్ది పంపాడు. రెండు రోజులైనా నిలవలేదు. పెన్సిలు పొడి రాలిపోయిందేమోనని ఇంట్లో మళ్లీ అద్దుకుంటుంటే, చీరల మీద గీతలు పెట్టుకునే తన పెన్సిలు తెచ్చిచ్చింది ఓబమ్మే. ఆ సాయంత్రం, పాపం ఈ తీగలకు ఏదో సుస్తీగా ఉందని, ఇంకాస్త ఎక్కువ వదులు చేసిందీ ఆమే.

ఆదివారం కంబదూరులో కచేరీ. పాట మధ్యలో గిటార్ ఒకదారి, గాయకుడు ఒకదారి అయ్యారు. కుర్రకారు ఈలలు వేసి నవ్వారు. కేశవ మంచివాడే, కానీ పార్టీ నడపాల్సినవాడు. మరునాడు ఇంటికే వచ్చి వసారాలో నిలబడి చెప్పాడు.

"పాపా, వచ్చే ఆదివారం కదిరిలో పెద్ద పెళ్లి. ఈసారి గూడా ఇట్లయితే నావల్ల కాదు. కీబోర్డు వాయించే మన తిప్పేస్వామికి గిటార్ సౌండు గూడా వస్తాది. ఆయప్పతోనే సరిపెట్టుకుంటా. ఏమనుకోవాకు."

అశ్విని తల ఊపింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. సాధనకూ కూర్చోలేదు. మగ్గం దగ్గర ఓబమ్మ నాడె నడవలేదు. పిల్లకు ఆ పార్టీలో చోటు పోతే ఇక ఆ పెట్టె మూత తెరవదని ఓబమ్మకు తెలిసిపోయింది. అలా జరగడం తనకు ఇష్టంలేదని, అదీ ఇంత గట్టిగా ఇష్టంలేదని, ఆమెకు అప్పుడే తెలిసింది. కోపం పట్టలేకపోయింది. ఎవరి మీద? ఓబిలేష్ మీద!

"బాగు చేసినానని చెప్పి పంపిస్తాడా? నేనూ వస్తా పద. ఆయప్ప సంగతేమో నేను చూస్తా."

బుధవారం ఇద్దరూ పొద్దున బస్సుకే అనంతపురం పోయారు. గిటార్‌ను ముట్టకుండా, పొద్దున ఎలా ఉందో అలాగే తెమ్మని ఓబిలేష్ ఫోన్లో చెప్పాడు. అతను గుండుతో, మెడలో కళ్లజోడుతో ఉండే యాభై ఏళ్ల మనిషి. వాయిద్యాల పనిలోకి రాకముందు లారీ మెకానిక్కు. అంగడిలో ఇద్దరు ముగ్గురు వేరేవాళ్లు కూడా ఉన్నారు. ఓబమ్మ గడపలోంచే అందుకుంది.

"ఏమప్పా, నువ్వేం పనోడివి? మా కోడలు నమ్మి తెస్తే రెండు దినాలకే మళ్ల మొదటికొచ్చె. నేను ముప్పై నాలుగేండ్లనుంచి మగ్గం నేస్తాండా. ఒక్క చీర వెనక్కి రాలే. పనంటే అట్లుండల్ల!"

"కూచ్చో అక్కా," అన్నాడు ఓబిలేష్, ఏమీ అనుకోకుండా. పెట్టె తెరిచి, కళ్లజోడు పెట్టుకుని గిటార్ తల వంక చూశాడు. అలాగే చాలాసేపు చూశాడు. తర్వాత అశ్వినిని దగ్గరికి పిలిచాడు.

"పాపా, ఇట్ల చూడు. లారీ నట్లకు పెట్టినట్ల పోయినసారి నేను ప్రతి చెవికీ ఎర్రరంగు చుక్క పెట్టినా. సగం చెవి మీద, సగం దాని కింద బిళ్ల మీద. నువ్వు శృతి చేసేటప్పుడు రొంత అటూ ఇటూ అయితాది, నిజమే. కానీ ఇప్పుడు చూడు. ఐదు చుక్కలూ సరీగ్గా అర చుట్టు వెనక్కి పోయినాయి. ఆరోది పావు చుట్టు."

"అంటే?" అంది అశ్విని.

"జారితే ఒకటి జారతాది, రెండు జారతాయి. తీగ సాగితే చెవి తిరగదు. ఇది జారింది కాదు, తిప్పింది. ఎవురో రోజూ తిప్పుతాండారు. కొత్త తీగ సాగి కుదురుకునేదానికి, ఆ బిగువుకు మెడ అలవాటు పడేదానికి మూడు నాలుగు దినాలు కావల్ల. దినమూ వదులు చేస్తే దినమూ అది కొత్త తీగే. ఇంగ స్టేజీ మీద ఎట్ల నిలుస్తాది?" అంటూ చుక్కలను ఇంకోసారి చూశాడు. "చేసినోళ్ల చెయ్యి మాత్రం భలే కొలతగా ఉండాది. వెంట్రుక వాసి తేడా లేదు."

పాడు చేసిన ఆ చెయ్యి తనదేనని ఓబమ్మకు అప్పుడే తెలిసింది. అంతటి తప్పులోనూ, వెంట్రుక వాసి తేడా లేదన్న మాటకు లోపల ఎక్కడో ఒక చిన్న గర్వం తల ఎత్తబోయింది. ఆమె దాన్ని అక్కడే అణగదొక్కింది.

ఓబిలేష్ గొంతు తగ్గించాడు. "నువ్వు వాయించేది మీ ఇంట్లో ఎవురికైనా గిట్టదా పాపా?"

అశ్విని అత్త వైపు చూడలేదు. "అట్లాంటోళ్లు మా ఇంట్లో ఎవురూ లేరన్నా," అంది.

అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. కానీ ఇంతకుముందే అంగడంతా వినేలా తన పనితనం గురించి దండోరా వేసిన నోరు అది. ఆ నోరే ఇప్పుడు పెగల్లేదు. ఓబిలేష్ మళ్లీ తీగలు వేసి, ఒక్కోదాన్నీ వేలితో పైకి లాగి సాగదీసి, శృతి చేసి, మళ్లీ సాగదీసి, ఇక కదలదన్నాకే ఇచ్చాడు. "ఆదివారం వరకు ఎవురూ చెవులు ముట్టుకోవద్దండి," అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతను ఓబమ్మ వైపు చూసినట్టు ఆమెకే అనిపించింది.

తిరుగు బస్సులో అశ్విని గిటార్ పెట్టెను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బయట వాడిన వేరుశనగ చేలు, దూరాన గుట్ట మీద గాలిమరలు. ఓబమ్మ లోపల లెక్కలు వేసుకుంది. తను ఇకమీద ముట్టుకోదు. ముట్టుకోకపోతే గిటార్ నిలుస్తుంది. నిలిస్తే కేశవ నోరు మూస్తాడు. ఎవరికీ ఏమీ తెలియనక్కరలేదు. చెబితే మాత్రం ఏమవుతుంది? ఆ పెళ్లినాటి మాటకు ఈ తిప్పుడు తోడవుతుంది. పగబట్టి చేసిందనే పిల్ల అనుకుంటుంది. అందుకని నోరు మూసుకోవడమే మంచిదని తేల్చుకుంది. ఊరు వచ్చేవరకు ఆ తేల్చుకున్నది గట్టిగానే ఉంది.

సాయంత్రం మగ్గాన్ని పండబెట్టి లేచేసరికి గిటార్ గోడ దగ్గర లేదు. అశ్విని గదిలో, మంచం పక్కన, పెట్టెలో ఉంది. పెట్టెకు చిన్న ఇత్తడి తాళం వేసి ఉంది.

ఆ తాళాన్ని చూసి ఓబమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. ఐదు నెలల్లో ఆ పిల్ల ఆ ఇంట్లో దేనికీ తాళం వేయలేదు. గొలుసు తీసి కిటికీలో పెట్టి స్నానానికి పోయేది. ఇవాళ తాళం వేసింది. గిటార్ నిలిచినా ఈ తాళం ఊడదని ఓబమ్మకు అర్థమైంది. ఏడుపు వచ్చింది. వంటింట్లోకి పోయి, ఉల్లిపాయలు లేకుండానే కళ్లు తుడుచుకుంది.

మరునాడు పొద్దున మగ్గం మీద కూర్చుందే గానీ నాడె విసరలేదు. పక్క మగ్గం మీంచి వెంకటరాముడు తల తిప్పి చూశాడు.

"ఏమే, నోరు నొప్పా?" అన్నాడు. ఆయన ఆ వారంలో మాట్లాడిన మొదటి మాట అదే కావచ్చు.

ఓబమ్మ లేచింది. వంటింట్లో ఉన్న కోడలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మగ్గం దగ్గర నిలబెట్టింది.

"ఈ పడుగు మీద చెయ్యి పెట్టు."

అశ్విని పెట్టింది. బిగువు మీదున్న పట్టు పోగులు వేళ్ల కింద గట్టిగా ఉన్నాయి. ఓబమ్మ వెనక తాడు సడలించింది. పోగులు మెత్తబడ్డాయి.

"దీన్ని పండబెట్టేది అంటాము. దినమూ సాయంత్రం చేస్తా. లేకుంటే పోగు తెగుతాదని మా అత్త చెప్పింది. నీ గిటార్ను గూడా నేనే పండబెడతాంటి. తిప్పింది నేనే."

అశ్విని చెయ్యి పడుగు మీదే ఉండిపోయింది.

"దినమూనా?"

"దినమూ."

"ఆరూ?"

"ఐదు అర చుట్టు. ఆ సన్నదాన్ని పావు చుట్టే. అది తెగుతాదేమోనని..." ఓబమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అయినా ఆగలేదు. "పెండ్లి నాడు నోరు జారినా. సద్దు అన్నా. ఆ సద్దు లేకపోతే నా చెయ్యి నడవదే ఇప్పుడు. పగబట్టి తిప్పలే. నా బిడ్డ మగ్గం ఇదీ అనుకుని తిప్పినా. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

పక్క మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. అశ్విని అత్త మొహంలోకి చూసింది. ఏడుస్తుందేమోనని ఓబమ్మ భయపడింది. ఆ పిల్ల నవ్వింది. మొదట ముక్కులోంచి, ఆ తర్వాత నోటి నిండా, చివరికి పొట్ట పట్టుకుని మగ్గం గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నేను ఆరుసార్లు తీగలు మార్చినా అత్తా! నా చెవులే చెడిపోయినాయనుకున్నా! నిన్న ఓబిలేషన్న చెప్పినాక..." అని ఆగింది. నవ్వు తగ్గింది. "నిన్న సాయంత్రం చానా కష్టమైంది. నువ్వు నన్ను వద్దనుకుంటాండావనుకున్నా. ఇంట్లోంచి పొమ్మనే చెప్తాండావనుకున్నా."

"అయ్యో తల్లీ," అని ఓబమ్మ ఆమె తల తన పొట్టకు అదుముకుంది. వెంకటరాముడు గొంతు సవరించుకుని నేత మొదలుపెట్టాడు. ఆయనకు అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు.

తర్వాత అశ్విని గిటార్ తెచ్చి ఓబమ్మ ఒళ్లో పెట్టి, పట్టుకూ ఇనుముకూ తేడా చెప్పింది. పట్టుకు తెరిపి కావాలి. ఇనుప తీగకు అలవాటు కావాలి. బిగువులో ఉండి ఉండి, ఆ బిగువే తన చోటని అది తెలుసుకుంటుందంది. ఓబమ్మ శ్రద్ధగా విన్నది. విన్నది గానీ, ఆదివారం వరకు ఆ మూడు సాయంత్రాలూ ఆమె చేతులు పడిన బాధ ఆమెకే తెలుసు. మగ్గాన్ని పండబెట్టగానే కాళ్లు గోడవైపు నడిచేవి. చేతులు వెనక కట్టుకుని, తాళం లేకుండా మళ్లీ అక్కడికే చేరిన గిటార్ ముందు ఒక నిమిషం నిలబడి, తిరిగి వచ్చేసేది.

ఆదివారం కదిరి. పెళ్లి మంటపం పక్క షామియానాలో, భోజనాల వేళకు కచేరీ. ఓబమ్మ మొదటి వరసలోనే కుర్చీ పట్టుకుంది. కేశవ మాటిమాటికీ గిటార్ వైపు చెవి ఒగ్గుతున్నాడు. ఒక పాట అయింది, మూడు అయ్యాయి, ఏడు అయ్యాయి. ఎండకు షామియానా వేడెక్కింది, స్పీకర్లు అదిరిపోతున్నాయి. ఎనిమిదో పాటలో అశ్విని ఒక తీగను వేలితో పక్కకు బలంగా లాగి, స్వరాన్ని పొడుగ్గా సాగదీసి వదిలింది. ఓబమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఆమెకు స్వరం తెలియదు. కానీ లాగిన పోగు తన చోటికి తిరిగి వచ్చిందో లేదో ఆమెకు తెలిసినంతగా ఆ షామియానాలో ఇంకెవరికీ తెలియదు. అది వచ్చింది. సరిగ్గా తన చోటికే వచ్చింది.

కచేరీ ముగిశాక కేశవ స్టేజీ వెనక్కి పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అంగుళం కదల్లేదు గదా పాపా! కీబోర్డు తిప్పేస్వామి గూడా మెచ్చుకుంటాండాడు. వచ్చే నెల హిందూపురం గూడా నువ్వే రావల్ల. ఎవురు బాగు చేసినారు? మావోని బేస్ గిటార్ గూడా పంపిస్తా."

అశ్విని గిటార్ తుడుస్తూ, ఏమాత్రం నవ్వకుండా, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న ఓబమ్మను చూపించింది.

"మా అత్త," అంది.

పార్టీ అంతా ఓబమ్మ వైపు తిరిగింది. డ్రమ్ములవాడు లేచి నిలబడి దండం పెట్టాడు. ఊరికే తల పంకించి ఊరుకుంటే సరిపోయేది. ముప్పై నాలుగేళ్ల పేరుకు ఇంకో మెరుగు పడేది. అక్కడ అసలు సంగతి తెలిసినది కోడలికే, ఆ కోడలే తనకు ఆ పేరు చేతికిచ్చింది. ఓబమ్మ కొంగు దోపుకుని కుర్చీలోంచి లేచింది.

"చెడగొట్టిందీ నేనేలేప్పా!" అంది.

అంత గట్టిగా అనడంతో, అవతల చేతులు కడుక్కుంటున్న పెళ్లివారు కూడా తిరిగి చూశారు.